నాన్న కారు, 60 వేల కిలోమీటర్ల సర్వీసు: ఐదు నెలల డైరీ

జూన్ 14, 2025, శనివారం. రీడింగ్ 59,120

కారు నాన్నది. 2018 మోడల్, పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, బీఎస్-4. కంపెనీ పేరు, షోరూం పేరు రాయడం లేదు. నా గొడవ ఏ ఒక్కరితోనో కాదు, పైగా ఇందులో ఉన్నది ఏ కారున్నవాళ్లకైనా పనికొస్తుందనే రాస్తున్నా. మేం ఉండేది విజయవాడ పటమటలో. నాన్న వారానికి రెండుసార్లు పామర్రు దగ్గర పొలానికి వెళ్లొస్తారు, మిగతా రోజుల్లో కారు ఇంటి ముందు వేపచెట్టు కింద ఉంటుంది.

నిన్న ఉచిత చెకప్ క్యాంపు అంటే నాన్న కారు షోరూంలో ఇచ్చారు. మధ్యాహ్నం సర్వీస్ అడ్వైజర్ ఫోన్ చేసి, 60 వేల సర్వీసు దగ్గరపడింది సర్, ఇప్పుడే చేసేద్దాం అంటూ గడగడా చదివాడు. ఆయిలు, ఫిల్టర్లు, ఇంజన్ ఫ్లష్ (లోపలి మడ్డిని మందు పోసి కడగడం), ఇంజెక్టర్ (ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మే భాగం) క్లీనింగ్, బ్రేక్ ప్యాడ్లు మార్చి డిస్కులు లేతు పట్టించడం (చెక్కి చదును చేయించడం), బ్రేక్ ఆయిలు, కొత్త బ్యాటరీ, అలైన్‌మెంటు, ఏసీ డిస్ఇన్ఫెక్షన్, అడుగున తుప్పు పట్టకుండా కోటింగు. మొత్తం 23,860 రూపాయలు. నాన్న "సరే బాబూ, చేసెయ్యండి" అన్నారు. పక్కనే ఉన్నదాన్ని, ఫోన్ తీసుకుని అడిగాను.

"ప్యాడ్లు ఎంత మిగిలాయండీ?"

"అరిగిపోయాయి మేడమ్."

"అదే, ఎన్ని మిల్లీమీటర్లున్నాయి?"

చూసి చెప్తానన్నాడు. సాయంత్రం దాకా ఫోన్ రాలేదు. కారు కడిగి ఇచ్చెయ్యమని చెప్పి తెచ్చేసుకున్నాం.

నాన్నకి కోపం వచ్చింది. ఏడేళ్లుగా కంపెనీలోనే చేయించారు, సర్వీసు పుస్తకంలో ప్రతి గడిలోనూ ముద్ర ఉంది, ఆ పుస్తకాన్ని బ్యాంకు పాస్‌బుక్కులతో పాటు బీరువాలో పెట్టుకుంటారు. "బయటివాళ్లు ముట్టుకుంటే రేపు కంపెనీవాళ్లు మన బండిని చూస్తారా?" అన్నది ఆయన టెన్షన్. వారంటీ ఎప్పుడో అయిపోయింది నాన్నా అన్నా వినలేదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసిందని, ఒరిజినల్ స్పేర్ పార్టులు, రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకు అందకుండా కట్టడి చేశారన్నదే అందులో ప్రధాన ఆరోపణ అని చెప్పాను. కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి, అది వేరే కథ. నాన్న విన్నారు, ఏమీ అనలేదు.

జూన్ 15

పొద్దున్నే డాష్‌బోర్డు అరలోంచి ఓనర్స్ మాన్యువల్ తీశాను. ఏడేళ్లలో దాని ప్లాస్టిక్ కవరు కూడా ఎవరూ విప్పలేదు. వెనకవైపు మెయింటెనెన్స్ పట్టిక ఉంది, ఎడమ పక్క భాగాల పేర్లు, పైన కిలోమీటర్లు, ప్రతి గడిలో ఒక్క ఇంగ్లీషు అక్షరం. 'ఐ' ఉంటే పరీక్షించాలి, 'ఆర్' ఉంటే మార్చాలి. అంతే.

60 వేల వరసలో వేలు పెట్టుకుంటూ కిందికి వచ్చాను. ఇంజన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు: ఆర్. స్పార్క్ ప్లగ్గులు: ఆర్. ఈ ప్లగ్గులు అడ్వైజర్ చదివిన జాబితాలో లేనే లేవు! బ్రేక్ ఆయిలు: రెండేళ్లకోసారి ఆర్. బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు: ఐ. బ్యాటరీ: ఐ. అలైన్‌మెంటు: బండి ఒక పక్కకి లాగుతుంటేనో, టైర్లు వంకరగా అరుగుతుంటేనో. ఇంజన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, అడుగు కోటింగు అనే మాటలు పట్టికలో ఎక్కడా లేవు.

చూడమన్న చోట మార్చమన్నారు, అసలు లేనివి కలిపారు, మార్చాల్సిన ప్లగ్గులు మర్చిపోయారు. అడ్వైజర్‌ని దొంగ అనను, అతనికి నెలనెలా టార్గెట్లు ఉంటాయి. కానీ నాన్న సంతకం పెట్టేది అతని టార్గెట్ మీద కాకూడదు కదా. ఒక నోటుబుక్కులో ఎస్టిమేటులోని ప్రతి పద్దూ ఒక్కో పేజీకి రాసుకున్నాను. కొలిచిన అంకె గానీ, మాన్యువల్ పేజీ నంబరు గానీ రాస్తే తప్ప ఆ పేజీకి డబ్బు ఖర్చు పెట్టేది లేదని నిర్ణయం.

జూన్ 22. రీడింగ్ 59,330

ఏసీ ఫిల్టరుతో మొదలుపెట్టాను, దానికి పనిముట్లు అక్కర్లేదు. డాష్‌బోర్డు అర ఖాళీ చేసి, రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందికి ఊడి వేలాడుతుంది, వెనకాల సన్నటి మూత, మూత తీస్తే ఫిల్టరు. బయటికి లాగగానే ఒళ్లోకి ఎండిన వేపపూత రాలింది. గుప్పెడు. మడతల మధ్య రెక్కలు, పుల్లలు, బూడిద రంగు దూది లాంటి దుమ్ము, ఒక మూల ఎలుక కొరికిన గుర్తు. ఏసీ వేస్తే వచ్చే ముక్క వాసన ఎక్కడిదో అప్పుడు అర్థమైంది, అమ్మ రెండేళ్లుగా ఆ వాసనకే కిటికీలు దించేది.

పోయినేడు జూలై బిల్లు తీశాను. 50,900 కి.మీ. దగ్గర చేయించిన సర్వీసు. 'ఏసీ ఫిల్టరు, 1, రూ. 540' అని ఉంది. ఏడాదిలో ఇంత పూత పడుతుందా అని చెట్టుని కూడా అనుమానించాను. కానీ ఫిల్టరు అంచున తయారీ తేదీ అచ్చేసి ఉంది, 2021ది. నాన్నకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని ఆ అంకెల్ని రెండుసార్లు చదివారు, తర్వాత ఫిల్టరు తీసుకెళ్లి వరండాలో గోడ మీద పెట్టారు. పారేయనివ్వలేదు.

కొత్తది 380. మార్చడానికి ఏడు నిమిషాలు. ఇకమీదట ఫిల్టరు మార్చగానే అంచు మీద మార్కరుతో తేదీ రాస్తాను, మీరూ రాయండి. సర్వీసుకి ఇచ్చేముందు అది రాసి ఉంటే, మార్చారో లేదో అడగాల్సిన పని ఉండదు.

జూన్ 29. రీడింగ్ 59,560

బ్యాటరీ. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను కాబట్టి మల్టీమీటరు ఇంట్లోనే ఉంది, లేనివాళ్లకి కూడా నాలుగైదు వందల్లో దొరుకుతుంది. రాత్రంతా బండి కదపకుండా ఉంచి పొద్దున బానెట్ ఎత్తి కొలిస్తే 12.41 వోల్టులు. 12.6 పైన ఉంటే పూర్తిగా చార్జ్ అయినట్టు, కాబట్టి ఇది కాస్త తక్కువే. అమ్మని సెల్ఫ్ కొట్టమని ముళ్లు పట్టుకుని చూశాను, ఇంజన్ తిరుగుతున్నప్పుడు 10.3కి పడి వెంటనే లేచింది. స్టార్ట్ అయ్యాక 14.2. అంటే ఆల్టర్నేటరు బాగానే చార్జ్ చేస్తోంది.

పక్కవీధి బ్యాటరీ షాపులో రాత్రంతా చార్జింగ్ పెట్టించాను, 100 రూపాయలు. తెచ్చి ఒక రోజు వదిలేసి కొలిస్తే 12.64, మూడో రోజు కూడా 12.61. ఈ బ్యాటరీ చావలేదు. ఆకలితో ఉంది, అంతే. పొలానికి వెళ్లని వారాల్లో నాన్న బజారుకి, గుడికి రెండేసి కిలోమీటర్లే తిప్పుతారు, సెల్ఫ్ తిన్న కరెంటు తిరిగి నిండేలోపే బండి ఆపేస్తారు. వారానికోసారైనా అరగంట ఆపకుండా నడపాలని చెప్పాను. కొత్త బ్యాటరీకి రాసిన 4,900 పేజీ మూసేశాను.

జూలై 12, రెండో శనివారం. రీడింగ్ 60,010

ఇది పెద్ద రోజు. కాలేజీకి సెలవు, ఆటోనగర్ తెరిచే ఉంటుంది. నాన్న పాత స్నేహితుడి లారీలు చూసే షెడ్డు ఒకటుంది, ఆ మేస్త్రిని చిన్నప్పటి నుంచి బాబాయ్ అనే పిలుస్తాను. ముందే ఫోన్ చేసి, బాబాయ్, పని మీరే చెయ్యండి, కానీ నన్ను పక్కన నిలబడి కొలుచుకోనివ్వండి అని అడిగాను. "రా అమ్మా, దానికేం" అన్నారు. ల్యాబ్ నుంచి మందం కొలిచే వెర్నియర్ కాలిపర్స్ అడిగి తీసుకెళ్లాను.

ముందు బ్రేకులు. జాకీ ఎత్తి ఎడమ ముందు చక్రం ఊడదీశారు. బయటి ప్యాడ్ కొలిస్తే రాపిడి పొర 6.8 మి.మీ. కొత్తది సుమారు 10 ఉంటుంది, మా మాన్యువల్ ప్రకారం 2కి వస్తే మార్చాలి. చూశారా, ఇంకా సగానికి పైనే ఉంది అన్నాను సంతోషంగా. బాబాయ్ తల అడ్డంగా ఊపారు. "బయటిది చూసి లెక్క వేయకు అమ్మా. లోపలిది చూడు." బ్రేకు కాలిపర్ (ప్యాడ్లని పట్టి ఉంచే భాగం) బోల్టు విప్పి పైకెత్తి లోపలి ప్యాడ్ చేతికిచ్చారు. 4.1.

ఒకే చక్రానికి, ఒకే డిస్కుకి రెండు పక్కలా ఉన్న ప్యాడ్లు ఒకటి 6.8, ఒకటి 4.1 ఎందుకుంటాయి? కుడి చక్రం విప్పి కొలిస్తే 6.6, 6.2. అక్కడ తేడా లేదు. ఎడమ కాలిపర్ జారే పిన్నుని బాబాయ్ లాగబోతే రాలేదు, ఇంకా గట్టిగా లాగితే కిర్రుమంటూ వచ్చింది, గ్రీజు ఎండిపోయి గోధుమ రంగు పొడైపోయింది. బ్రేకు తొక్కితే పిస్టన్ ముందు లోపలి ప్యాడ్‌ని నొక్కుతుంది, పిన్నుల మీద కాలిపర్ జారితేనే బయటి ప్యాడ్ కూడా డిస్కుని పట్టుకుంటుంది, వదిలినప్పుడు రెండూ సడలుతాయి. పిన్ను బిగుసుకుంటే లోపలి ప్యాడ్ ఒక్కటే రాసుకుంటూ ఉంటుంది. షోరూంలో చెప్పినట్టు ప్యాడ్లు మార్చేసి ఉంటే కొత్త ప్యాడ్లూ అలాగే అరిగేవి, పిన్ను అలాగే ఉండేది. పిన్నులు రుద్ది, బ్రేకులకి వాడే గ్రీజు పెట్టి, రబ్బరు తొడుగులు సరిచేశారు. డిస్కు మందం 16.3, కనీసం ఎంత ఉండాలో డిస్కు మీదే పోత పోసి ఉంది, 15. లేతు అక్కర్లేదు.

నేనొక్కదాన్నే ఇంటి దగ్గర చక్రాల సందుల్లోంచి బయటి ప్యాడ్ చూసుకుని ఉంటే, అంతా బాగుందని రాసుకుని ఉండేదాన్ని. ఈ సంగతి నోటుబుక్కులో ఎర్ర ఇంకుతో రాశాను.

తర్వాత ఆయిలు. ఇంజన్ పది నిమిషాలు నడిపి గోరువెచ్చగా అయ్యాక ర్యాంపు మీద కిందికి వెళ్లాం. డ్రెయిన్ బోల్టు తల మూలలు అరిగి గుండ్రంగా ఉంది, ఎవరో సరిపడని పానాతో బలవంతంగా తిప్పారు. రాగి వాషరు నలిగి అంటుకుపోయి ఉంది, బోల్టు చుట్టూ ఆయిలు తడి. వాషరు ప్రతిసారీ మార్చాలి, అది మెత్తగా నలిగి సందు మూయడానికే ఉంటుంది, ఒకసారి నలిగింది రెండోసారి సరిగా మూయదు. పదిహేను రూపాయల వస్తువు. కొత్త బోల్టు, కొత్త వాషరు వేశారు.

గ్రేడు దగ్గర బాబాయ్‌తో వాదన పడింది. వయసైన ఇంజన్‌కి చిక్కటి ఆయిలు మంచిదని ఆయన మాట, 20డబ్ల్యూ-50 పోద్దామన్నారు. మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 అని స్పష్టంగా ఉంది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిలు ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్తుంది, వెనకున్నది 100 డిగ్రీల దగ్గర చిక్కదనం. లారీ ఇంజన్ల అనుభవం ఈ చిన్న ఇంజన్‌కి వర్తించదు, దీని లోపలి సందులు సన్నవి, పొద్దున్నే సెల్ఫ్ కొట్టిన క్షణంలో ఆయిలు పైదాకా తొందరగా చేరాలి. ఆయిలు తాగుతున్న ఇంజన్ అయితే వేరే మాట, మాది ఏడాదిలో డిప్‌స్టిక్ మీద చెప్పుకోదగ్గంత తగ్గలేదు. "పుస్తకంలో ఏముంటే అదే పోద్దాం బాబాయ్" అన్నాను. సరేనన్నారు. ముందు మూడు లీటర్లు గరాటుతో పోసి, తర్వాత కొద్దికొద్దిగా కలుపుతూ డిప్‌స్టిక్ చూసుకున్నాం. పై గీత దాటకూడదు, ఎక్కువైనా చెడే.

ఇంజన్ ఫ్లష్ గురించి అడిగితే ఆయన కూడా వద్దన్నారు. సమయానికి ఆయిలు మార్చిన బండికి దానితో పనిలేదు, పైగా కొంత ఫ్లష్ లోపలే మిగిలి కొత్త ఆయిల్‌ని పలచన చేస్తుంది. పాత ఆయిలు షెడ్డులోని డ్రమ్ములో పోశాం, అది రీసైక్లింగ్‌కి వెళ్తుంది. ఇంటి దగ్గర ఆయిలు మార్చుకునేవాళ్లు దయచేసి కాలువలో పోయకండి, మన కాలువలన్నీ పొలాలకే వెళ్తాయి.

స్పార్క్ ప్లగ్గులు కూడా మార్చారు. పాతవి నాలుగూ లేత గోధుమ రంగులో ఉన్నాయి. ఇంధనం సరిగ్గా మండుతోందని అదే చెప్తోంది, ఇంక ఇంజెక్టర్ క్లీనింగ్ ఎందుకు? ఐడిల్‌లో వణుకు లేదు, పికప్ తగ్గలేదు. ఆ పేజీ కూడా మూసేశాను.

ఆయిలు, రెండు ఫిల్టర్లు, ప్లగ్గులు, బోల్టు, మజూరీ అన్నీ కలిపి 4,650.

ఆగస్టు 15. రీడింగ్ 61,180

ఈ మధ్య అందరి నోటా ఈ20 పెట్రోలే, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. నాన్న ఫోన్‌కి రోజుకో వీడియో వస్తోంది, ఇంజన్లు పోతాయని ఒకటి, ఏమీ కాదని ఇంకొకటి. షోరూం నుంచి మళ్లీ ఫోన్ వచ్చిందట, ట్యాంకు నింపినప్పుడల్లా ఒక సీసా యాడిటివ్ కలుపుకోమని.

నాకు తెలిసిన లెక్క చెప్తాను. లీటరు పెట్రోల్‌లో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో 21 చిల్లర. 20 శాతం కలిపితే లీటరుకి 30 కంటే కాస్త తక్కువ. మా మాన్యువల్ ఈ10 దాకా అనుమతించింది. ఈ10తో పోలిస్తే ఈ20లో శక్తి సుమారు 3.5 శాతం తక్కువ. కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది, అది సీసాతో తిరిగి రాదు, ఎందుకంటే లేని శక్తిని ఏ సీసా తేలేదు. అసలు చూడాల్సింది రబ్బరు. 2018 బండిలో పైపులు, సీళ్లు ఈ20ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. టార్చిలైటు పట్టుకుని ఇంజన్ దగ్గర కనిపించే పెట్రోల్ పైపు మొత్తం వేలితో తడిమాను, ఎక్కడా ఉబ్బు లేదు, పగులు లేదు, వాసన లేదు. నెలకోసారి ఇలా తడిమి తేదీ రాస్తాను. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది కాబట్టి ట్యాంకు అడుగంటేదాకా ఉంచకుండా, వారాల తరబడి బండి కదలకుండా వదిలెయ్యకుండా చూసుకుంటే చాలు. సీసా కొనలేదు.

సెప్టెంబరు 7. రీడింగ్ 61,900

ఇది రాయడానికి చెయ్యి ఆడటం లేదు. ఇన్నాళ్లూ ఎస్టిమేటులో ఉన్నవే చూశాను. లేనిదాన్ని చూడలేదు.

కారు కడుగుతుంటే ముందు టైరు పక్కగోడ మీద సన్నటి పగుళ్లు కనిపించాయి, ఎండిన చెరువు మట్టిలాగా. టైరు మీద ఇంగ్లీషులో డాట్ అని రాసి ఉన్నచోట చివర నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మాది 1118. అంటే 2018లో పదకొండో వారం, బండితో వచ్చిన టైర్లే, ఏడున్నరేళ్లు. గాడి లోతు వెర్నియర్ తోకతో కొలిస్తే 3 మి.మీ., చట్టం ప్రకారం 1.6 దాకా వాడొచ్చు కాబట్టి పైకి చూస్తే బాగానే ఉన్నాయి. కానీ రబ్బరు గోరుతో నొక్కితే గట్టిగా, చెక్కలా ఉంది. వీటి మీదే నాన్న మే నెల ఎండలో, 45 డిగ్రీల్లో హైదరాబాద్ వెళ్లొచ్చారు. ఉచిత చెకప్‌లో అడుగు కోటింగు చెప్పినవాళ్లు టైర్ల మాట ఎత్తలేదు.

నాన్నని పొలానికి బస్సులో వెళ్లమన్నాను. ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. ఈ 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గుతోంది, అప్పటిదాకా బండి ఊళ్లోనే, అదీ అవసరమైతేనే.

సెప్టెంబరు 24. రీడింగ్ 61,960

నాలుగు టైర్లూ మార్చాం, ఈ ఏడాదే తయారైనవేనని అంకెలు చూసి మరీ. అలైన్‌మెంటు, బ్యాలెన్సింగ్‌తో కలిపి 19,900. అలైన్‌మెంటుకి ముందు, తర్వాత రీడింగులు రెండూ ప్రింటు తీసి ఇమ్మని అడిగాను, ఇచ్చారు. స్టెప్నీ కూడా 2018దే, అది ఇంకా మిగిలింది.

ఎస్టిమేటులో మిగిలిన డబ్బు టైర్లకే పోయింది, ఇంకా పైన పడింది. అయినా ఈ డబ్బు ఖర్చు పెట్టినందుకు రాత్రి నిద్ర పట్టింది.

అక్టోబరు 11. రీడింగ్ 62,600

బ్రేక్ ఆయిలు. దీనిలో షోరూం చెప్పింది పూర్తిగా నిజం. పాత బిల్లులన్నీ తిరగేస్తే చివరిసారి 2021లో మార్చారు. డబ్బాలో లేత పసుపు రంగులో ఉండాల్సింది టీ డికాషన్ రంగుకి వచ్చింది. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకం బ్రేక్ ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ కనీసం 140కి పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకులు కాలినప్పుడు లోపల బుడగలు పుడితే పెడల్ నేలకి తగిలినా బండి ఆగదు. ఏబీఎస్ (బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండి కాబట్టి గాలి తీసే పని వాళ్ల యంత్రంతోనే మంచిదని షోరూంకే తీసుకెళ్లాం. సీలున్న కొత్త డబ్బా నా ముందు తెరవాలని, నాలుగు చక్రాల దగ్గరా పాతది దిగేదాకా నేను చూస్తానని ముందే చెప్పాను. అభ్యంతరం పెట్టలేదు. టెక్నీషియన్ కుర్రాడు శ్రద్ధగా చేశాడు, అడిగినవన్నీ చెప్పాడు.

బయట అదే అడ్వైజర్ నాన్న దగ్గరికి వచ్చి, సర్, వెనక బ్రేక్ లైనర్లు కూడా అయిపోవచ్చాయి, వేసేద్దామా అన్నాడట. నాన్న జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, "డ్రమ్ము విప్పి కొలిచి చూపించు బాబూ, మా అమ్మాయి రాసుకుంటుంది" అన్నారట. విప్పారు. కొలిచారు. ఇంకా 20 వేలు నడుస్తాయని అతనే చెప్పాడు.

నవంబరు 2. రీడింగ్ 63,300

బ్రేకు పెడల్ గట్టిగా ఉంది. కొత్త టైర్లతో రోడ్డు చప్పుడు తగ్గింది. దాంతో ఇన్నాళ్లూ వినపడనిది ఒకటి వినపడుతోంది, స్పీడ్ బ్రేకరు దిగేటప్పుడు ఎడమ ముందు వైపు టక్కు టక్కుమని. నాన్న కంకిపాడు దగ్గర కావాలనే రెండుసార్లు ఎక్కించి దింపి విన్నారట. సస్పెన్షన్‌లో స్టెబిలైజర్ లింక్ రాడ్డు కావచ్చు, లోయర్ ఆర్మ్ బుష్ కావచ్చు. వచ్చే రెండో శనివారం బాబాయ్ షెడ్డులో ఎత్తి చూస్తాం. డిసెంబరులో కూలంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) గడిలో కూడా 'ఆర్' ఉంది, డిస్టిల్డ్ వాటరు క్యాను తెచ్చి పెట్టాను. స్టెప్నీ టైరు ఇంకా కొనాలి.